ఆలనా పాలనా

"ఈ వారం ఎవరికీ శాలరీ లేదు. పైనుంచే రాలేదట. ఉన్నదానితో సర్దుకోవాలి మరి!"

టీ గది తలుపు సందులోంచి దొర్లుకుంటూ వచ్చిన ఈ మాట సరాసరి లతాయి చెవిలో పడింది. చెవిలో పడ్డది గుండెలోకి జారడానికి ఎంతసేపు?

లతాయి టోంగా దీవుల పిల్ల. దక్షిణపు కొసనున్న డునెడిన్ ఊరి చలికి రెండు స్వెట్టర్లు, వాటి మీద తెల్లకోటు తొడుక్కుని, పొద్దస్తమానం కణాలతో కాపురం చేసే శాస్త్రవేత్త. ఉద్యోగం ఉంటేనే వీసా, వీసా ఉంటేనే ఊళ్ళో నీడ. అలాంటి మనిషికి శాలరీ లేదంటే లేనిది ఒక్క శాలరీయే కాదు. చేతిలో ట్రే పక్క బల్ల మీద పెట్టేసి, మూడో అంతస్తు మంచిచెడ్డలన్నీ చూసే ఫెర్గస్ బేన్ గదిలోకి దూసుకుపోయింది.

"శాలరీలు ఆపేశారా ఫెర్గస్?"

"ఎవరన్నారు?"

"రోనా. టీ గదిలో అంటుంటే నా చెవులతో విన్నాను. పైనుంచే రాలేదట."

ఫెర్గస్ తల ఎత్తి పైకప్పు కేసి చూశాడు. ‘పైన’ అంటే డైరెక్టరుగారి అంతస్తు. డన్‌బార్ కేన్సర్ సంస్థలో ‘డన్’ అయిన పని ఒక్కటీ లేదనీ, ‘బార్’ అయితే అసలే లేదనీ రోజుకోసారైనా వేసే జోకు ఆవేళ అతని గొంతులోనే పోషణ ఆగిపోయిన కణంలా చచ్చింది. టీ గదిలో కెటిల్ మరిగేలోగా మాట అంతస్తంతా మరిగిపోయింది.

ఇంతకీ పోయినసారి మనం లతాయి పై అధికారి ప్రొఫెసర్ ఐల్సా డ్రమండ్‌ని ఎక్కడ వదిలాం? ఆసుపత్రి నుంచి కొండెక్కి వస్తుంటే దక్షిణపు గాలి గొడుగును తిరగేసిన మలుపులో. గొడుగు తిరగబడితే సరిచేసుకోవచ్చు. అప్పటికే తిరగబడింది గొడుగు కాదు. ఆవిడ జీవితమంతా ధారపోసి తయారు చేయించిన మందును మొదటి జట్టు ఆడవాళ్ళకి ఎక్కించారు. అందరివీ అండాశయంలో పుట్టిన గడ్డలే. ఒక్క గడ్డా కరగలేదు. గడ్డుకాలం గడవనూ లేదు. డాక్టర్లు ఆ సంగతి మర్యాదగా చెప్పి, అంతకంటే మర్యాదగా బిస్కెట్ల పళ్ళెం ఆవిడ ముందుకు జరిపారు.

"మనుషులు పొరబడతారు. కణాలు అబద్ధం చెప్పవు," అంది ఐల్సా, బిస్కెట్ ముట్టుకోకుండా. తిరిగొచ్చి లతాయిని పిలిచింది. "ఎలెన్‌ని ఒకసారి తల నుంచి కాలిదాకా పరీక్షించు. మనకి తెలియకుండా ఏదైనా మారిందేమో."

ఎలెన్‌కి తలా లేదు, కాలూ లేదు. ఒకప్పుడు ఉండేవి. నలభై ఏళ్ళ కిందట మోస్గీల్ ఉన్ని మిల్లులో పనిచేసే ఎలెన్ టేట్ అనే ఆవిడ అండాశయపు గడ్డతో ఆసుపత్రిలో చేరింది. అప్పుడే పరిశోధనలో అడుగుపెట్టిన ఐల్సా రోజూ ఆవిడ మంచం పక్కన కూర్చునేది. "నన్నెటూ బాగుచెయ్యలేరు. కనీసం ఈ గడ్డనైనా చదివించండి, పెద్ద చదువులు చదువుతుందేమో," అని నవ్వేదట ఎలెన్. ఆపరేషన్‌లో తీసిన ముక్క నుంచి ఐల్సా కణాలు పెంచింది. ఆ రోజుల్లో అండాశయపు గడ్డ కణాల్ని గాజుసీసాలో బతికించినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఎలెన్ పోయింది, ‘ఎలెన్’ మిగిలింది. మిగలడమా! సిడ్నీకి పోయింది, టోక్యోకి పోయింది, ప్రపంచంలో ఈ జబ్బు మీద పనిచేసే ప్రతి గడపా తొక్కింది. ఎలెన్‌లోనే ఐల్సా ఒక లోపం కనిపెట్టింది. ఆ లోపాన్ని కొట్టే మందు వచ్చింది. పతకాలొచ్చాయి, రాణిగారిచ్చే డేమ్ బిరుదొచ్చింది. పెళ్ళి మాత్రం రాలేదు. వచ్చినా, "ఆదివారం కూడా సీసాలకి తిండి పెట్టడానికి పోయే పిల్ల మాకెందుకు" అనుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఎలెన్ ఆలనా పాలనా ఇన్నేళ్ళూ ఐల్సాదే.

ఆ ఎలెన్ కూతురే మన టీ గదిలో వంట చేసే రోనా. అమ్మ పోయేనాటికి రెండు జడల పిల్ల. ఇప్పుడు రోనాకీ అదే గడ్డ. మిగతా మందులన్నీ వాడేశారు, జుట్టు పోయింది, గడ్డ పోలేదు. రేపు పొద్దున్న రెండో జట్టులో మొట్టమొదటి మందు సీసా రోనాకే. "మా అమ్మే వచ్చి నన్ను బాగుచేస్తుంది. చిన్నప్పుడు నాకు ఎక్కువ కాలం వంట చేసి పెట్టలేకపోయిందిగా, ఆ బాకీ తీరుస్తోంది," అని సూప్ పోస్తూ అందరికీ చెబుతోంది.

ఇదీ పరిస్థితి. ఇక లతాయి దగ్గరికి వద్దాం.

లతాయి పరీక్ష ఎప్పుడో పూర్తయింది. ఫలితం చూసి నమ్మలేదు, మళ్ళీ చేసింది. మళ్ళీ వచ్చింది. అప్పట్నుంచి ఐల్సా ఎదురుపడితే తల వంచుకుని పక్క నడవలోకి తప్పుకుంటోంది. పెద్దవాళ్ళ ముఖం మీద చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి, టోంగాలో అయితే మరీను. కానీ ఇప్పుడు శాలరీలు ఆగిపోయాయి. అంటే పైవాళ్ళకి సంగతి తెలిసిపోయింది. తను దాచిన మాట ఎవరి నోటనో బయటపడింది. అది రేపు పత్రికలో చూసి ఐల్సా తెలుసుకోవాలా?

పరుగున కణాలు పెంచే కల్చర్ గదికి వెళ్ళింది.

ఊళ్ళో ఇంకెక్కడా కల్చర్ లేకపోయినా ఈ గదిలో మాత్రం ఫ్రిజ్‌ల కొద్దీ ఉంటుంది. ఐల్సా అద్దపు పెట్టె ముందు కూర్చుని, చేతికి తొడుగులు వేసుకుని, సీసాలోంచి పాత ద్రవం తీసేసి కొత్తది పోస్తోంది. గులాబీరంగు ద్రవం. పసిపిల్ల నోట్లో పాలు పోసేటప్పుడు చేతికి వచ్చే నిదానం ఆవిడ చేతిలో ఉంది.

"ప్రొఫెసర్, నేను పైవాళ్ళకి చెప్పలేదు. మా అమ్మమ్మ మీద ఒట్టు, చర్చి మీద ఒట్టు. ఎవ్వరికీ చెప్పలేదు."

"ముందు తలుపెయ్యి, గాలొస్తోంది. ఏం చెప్పలేదు?"

"ఎలెన్ సంగతి."

ఐల్సా చెయ్యి ఆగలేదు. "ఎలెన్‌కేం? దిట్టంగా ఉంది. ఇదిగో, ఆకలికి నకనకలాడుతోంది. చెప్పు, ఏం దొరికింది?"

"వై," అంది లతాయి.

"వై ఏంటి? అడిగేది నేను. ఎందుకంటే నాకు తెలియాలి కాబట్టి."

"ఎందుకు అనడం లేదు ప్రొఫెసర్. అక్షరం. వై. క్రోమోజోమ్ వై."

ఐల్సా చేతిలోని గొట్టం కొసన ఒక చుక్క వేలాడి, ఎటు పడాలో తెలియనట్టు కాసేపు ఊగి, బల్ల మీద పడింది.

వై మగవాడి సొత్తు. ఆడమనిషి అండాశయంలో దానికి పని లేదు, చోటు లేదు, అద్దెకి కూడా దొరకదు. ఈ ముక్క బడిపిల్లలకీ తెలుసు. అందుకే ఐల్సా దాన్ని బడిపిల్లకి చెప్పినట్టే చెప్పింది. "ఏదో కలిసిపోయి ఉంటుంది అమ్మాయీ. ఈ సీసాలోకి పక్క సీసా వాళ్ళెవరో దూరి ఉంటారు. మన దగ్గర జరగలేదు గానీ లోకంలో జరుగుతూనే ఉంటుంది. ఫ్రీజర్ అడుగున పాతవి ఉన్నాయి, మొట్టమొదటి ఏడాదివి. అవి తీసి చూడు."

"చూశాను."

"చూస్తే?"

"వై."

"సిడ్నీ వాళ్ళ దగ్గర మనం మొదట్లో పంపినవి ఉన్నాయి..."

"తెప్పించాను. వై."

"నువ్వు వాడిన మందుల్లోనే ఏదో..."

"వేరేవాళ్ళ చేత చేయించాను. పేరు చెప్పకుండా." లతాయి తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. "ఇంకొకటుంది ప్రొఫెసర్. రోనా ట్రయల్ కోసం రక్తం ఇచ్చింది కదా. పరీక్షలకి వాడుకోమని సంతకం కూడా పెట్టింది. పోల్చి చూశాను."

ఐల్సా సీసా మూత అందుకుంది. లతాయే చెప్పింది.

"తల్లీకూతుళ్ళకి ఉండే పోలిక లేదు. పిన్ని పోలికా లేదు, మేనత్త పోలికా లేదు. బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి ఎంత చుట్టరికమో, ఈ సీసాకీ రోనాకీ అంతే."

ఐల్సా సీసా మూత బిగించింది. అలవాటు కొద్దీ దాన్ని వెలుతురు కేసి ఎత్తి చూసింది. అడుగున మబ్బుపొరలా కణాలు. నలభై ఏళ్ళుగా తెలిసిన ముఖం. ఆ ముఖంలోంచి ఎవడో మగవాడు ఆవిడ కేసి చూస్తున్నాడు.

"ఎవరు నువ్వు?" అంది మెల్లగా. లతాయిని కాదు.

ఆ తర్వాత ఆవిడకి గుర్తొచ్చింది. "పైవాళ్ళకి తెలిసిందని ఎందుకనుకున్నావు?"

"శాలరీలు ఆపేశారుగా!"

"ఎవరన్నారు?"

"రోనా. ఎవరికీ లేదు, పైనుంచే రాలేదు అంది."

ఐల్సాకి నవ్వొచ్చింది. శవం లేచిన ఇంట్లో కూడా నవ్వొస్తుందే, ఆపుకుందామంటే భుజాలు వినవే, ఆ నవ్వు.

"పిచ్చిపిల్లా! అది శాలరీ కాదు, సెలరీ! సూప్‌లో వేసే కాడలు. ఉత్తరం నుంచి లారీలో వస్తాయి. మంచుపడి రోడ్డు మూసేశారుగా, లారీ రాలేదు. రోనాది గోర్ ఊరి యాస, నాన్న తరఫున. మా దక్షిణాది నోళ్ళలో ‘ఎ’ పక్కన ‘ల’ వచ్చిందంటే చాలు, డాక్టరు నోరు తెరవమన్నట్టు ‘ఆ’ అనేస్తాం. సెలరీ, శాలరీ ఒకటే. మా నెల్లీ అత్తయ్య బతికినంతకాలం నాలీ అత్తయ్యే. బెల్ కొట్టినా బాల్ కొట్టినా ఒకటే చప్పుడు. ఎలెన్ అన్నా ఆల..."

నోరు ‘ఆ’ దగ్గరే ఉండిపోయింది.

ఐల్సా నోరు మూయలేదు, మాట పూర్తి చెయ్యలేదు. పరీక్షించే డాక్టరే లేని రోగిలా అలాగే కూర్చుంది.

ఆవిడకి కుళాయి చప్పుడు వినిపిస్తోంది. పాత భవనంలో, పాత గదిలో కుళాయి. పక్కన రేడియోలో రగ్బీ. తను మోచేతులదాకా సబ్బు పూసుకుని చేతులు కడుక్కుంటోంది. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ఉన్న లోపలి గదిలో తన సహాయకురాలు నోలీన్ ఉంది, గోర్ పక్క పల్లెటూరి నోలీన్, సీసాలు చూసి రమ్మని తను పంపిన నోలీన్. ఆ వారం ఇంక్యుబేటర్‌లో రెండే సీసాలు. ఒకటి ఎలెన్ టేట్ అండాశయం. రెండోది మగవాళ్ళ వార్డు నుంచి వచ్చిన ఎవరిదో పేగు గడ్డ. ఆ మనిషి ముఖం కూడా తను చూడలేదు. పేరు మాత్రం సీసా మీద ఉంది. ఆలన్.

"ఏది బతికింది నోలీన్?" అని అరిచింది తను, కుళాయి కట్టకుండానే.

లోపల్నుంచి నోలీన్ అరిచింది. ఒక్క మాట.

ఆ మాట తన చెవిలో ఎలెన్ అని పడింది. పడకేం చేస్తుంది? పొద్దున్నే ఎలెన్ మంచం దగ్గర కూర్చుని వచ్చింది. దేవుడనేవాడు ఉంటే ఒక్కటి ఇమ్మని అడిగింది. అడిగిందే వినిపించింది. చేతులు తుడుచుకుని, "రెండోది పారెయ్" అంది. తర్వాత పాత సీసా మీది పేరు చదవకుండానే కొత్త సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసింది. నోలీన్ తన యాసలో తను అన్న పేరు కానిదాన్ని పారేసింది. ఐల్సా తన యాసలో తనకి కావలసినదాన్ని దాచుకుంది. ఇద్దరూ ఒక్క మాటే అన్నారు, ఇద్దరూ ఒక్క మాటే విన్నారు, ఇద్దరు మనుషులు తారుమారైపోయారు.

మళ్ళీ చెప్పు. ఆ రోజు అనాల్సింది అంతే. కుళాయి కట్టేసి, మళ్ళీ చెప్పు అంటే చాలు.

ఇన్నేళ్ళూ చేసింది ఎలెన్ ఆలనా పాలనా కాదు. ఆలన్ పాలన.

ఐల్సా ఇదంతా లతాయికి చెప్పింది. గట్టిగా కాదు, అద్దపు పెట్టెకి చెబుతున్నట్టు. లతాయి ఏడ్చింది, కోటు అంచుతో తుడుచుకుంది.

"నోలీన్‌ని అడగలేమా?"

"పోయింది. నేనే వెళ్ళి మట్టివేసి వచ్చాను."

"మందు ఆలన్ లాంటివాళ్ళకి పనికొస్తుందేమో ప్రొఫెసర్. పేగు గడ్డలకి."

"ఆ దారిలో జనం ఎప్పుడో వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. నీకూ తెలుసు." ఐల్సా తొడుగులు ఊడదీసింది. ఒకటి తేలిగ్గా వచ్చింది. రెండోది వేళ్ళని పట్టుకుని వదల్లేదు. "మనం ఆడవాళ్ళ తాళంకప్పకి మగవాడి తాళంచెవి చేయించాం. ఎంత అందమైన చెవి! ఎన్ని ఏళ్ళు సానబెట్టాం! మిగతా అండాశయపు కణాల మీద సరిగ్గా పనిచెయ్యకపోతే ఏమనేదాన్ని? ఒక్కో గడ్డది ఒక్కో స్వభావం అనేదాన్ని. గడ్డలన్నీ ఒకేమాట చెబుతుంటే, స్వభావం నాదేనని తట్టలేదు."

"మీరు చెప్పమనేదాకా నేను ఎవరికీ..."

"అదే ఆలోచిస్తున్నాను."

ఆలోచించింది కూడా. మీ దగ్గర దాచేదేముంది. రోనాకి రేపు మందు ఎక్కిస్తారు. ఎక్కించుకుని ఇంటికి పోతుంది. వాళ్ళమ్మ తన ఒంట్లో తిరుగుతోందనుకుంటూ కొన్ని నెలలు నిద్రపోతుంది. ఆ నిద్ర మందు వల్ల కాదు, నమ్మకం వల్ల. చెబితే ఆ నమ్మకం పోతుంది, బదులుగా ఇవ్వడానికి ఐల్సా దగ్గర ఇంకో మందు లేదు, ఇంకో కణం లేదు, ఇంకో నలభై ఏళ్ళు అసలే లేవు. చెప్పకపోతే, వాంతులు, జ్వరం, సూదులు, ఉన్న కాస్త బలమూ ఎవడో ఆలన్ కోసం కరిగిపోతుంది. ఏ చేత్తో తూచినా రెండు పళ్ళేలూ కిందికే దిగుతున్నాయి.

తలుపు తోసుకుని ఫెర్గస్ తల పెట్టాడు. "ఐల్సా, నువ్వు రావాలి. టీ గదిలో జనం తిరగబడేలా ఉన్నారు. డైరెక్టరుకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు."

"ఏమంటున్నారు?"

"శాలరీ."

ఐల్సా లేచింది.

టీ గది నిండిపోయింది. బల్ల మీద చీజ్ రోల్స్ పళ్ళెం అలాగే ఉంది, ఎవరూ ముట్టలేదు. డన్‌బార్‌లో చీజ్ రోల్స్ ముట్టలేదంటే చావుకబురే. పొయ్యి మీద పెద్ద గిన్నెలో సూప్ కుతకుతలాడుతోంది. దాని ముందు రోనా, నెత్తిన ఊలు టోపీ, చేతిలో గరిటె, ముఖాన అయోమయం.

"శాలరీ లేకపోతే ఇంత రాద్ధాంతమా!" అంటోంది. "వేసిన రోజు ఒక్కడూ తినడు. గిన్నెలోంచి ఏరి పక్కన పెడతారు!"

"ఏరి పక్కన పెట్టడానికి ఎక్కడ మిగులుతోంది రోనా?" అని ఎవరో గొంతు చించుకున్నారు.

"రోడ్డు తెరిస్తే లారీలో వస్తుందిలే నాయనా!"

"శాలరీ లారీలో వస్తుందా?"

"మరి విమానంలో వస్తుందనుకున్నావా? కట్టలు కట్టలుగా వేసుకొస్తాడు!"

"కట్టలేనా? మరి మా చేతికి ఎప్పుడూ అన్నేసి కట్టలు రాలేదే?"

"నీకు కాడ చాలదూ?"

ఫెర్గస్ జుట్టు పీక్కున్నాడు. ఐల్సా గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. తర్వాత కూరలు తరిగే పలక దగ్గరికి వెళ్ళి, పక్క బుట్టలో మిగిలిపోయిన ఒకే ఒక్క వాడిపోయిన కాడ తీసి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"ఇది ఏమిటి?"

"శాలరీ," అంది రోనా.

"విన్నారుగా. సెలరీ. మా రోనా నోట్లో శాలరీ. నా నోట్లోనూ అంతే, ఫెర్గస్ నోట్లోనూ అంతే. మన చెవులకి ఆ తేడా లేదు. లతాయి చెవికి ఉంది. రోనా అన్నది తను కచ్చితంగా విన్నది. మీ జీతాలకేం కాలేదు. సూప్ చప్పగా ఉంటుంది, అంతే."

నవ్వు. గోడలు అదిరేలా నవ్వు. ఫెర్గస్ ఎగిరి చీజ్ రోల్ అందుకుని, "ఇకమీదట నాకు కాడల్లోనే ఇవ్వండి, కనీసం నములుకోవచ్చు!" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది రోనా. పొట్ట నొప్పి పుట్టి, గరిటె చేత్తోనే పట్టుకుని వంగిపోయింది. "ఓరి నాయనో, నా మాటకి సంస్థే మూతబడేది!"

ఐల్సా ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగింది. తొందరపెట్టలేదు. ఈ గదిలో ఇంకోసారి ఇలా నవ్వుతారో లేదో.

"కూర్చోండి," అంది. "ఇంకొకటుంది. రోనా, నువ్వు కూడా. పొయ్యి తగ్గించి కూర్చో."

"నేను నిలబడే వింటాను. కూర్చుంటే లేవలేను."

ఐల్సా గోడ మీదున్న ఫొటో కేసి చూసింది. ఎలెన్ టేట్, మిల్లు గేటు ముందు, గాలికి జుట్టు ముఖాన పడి, నవ్వుతూ. కింద చిన్న రేకు మీద పేరు. ఆ పేరు చూస్తూనే మాట్లాడింది.

"ఇప్పుడు లతాయి ఏం చేసిందో నేనూ అదే చేశాను. ఒక మాట విన్నాను, ఇంకో మాట అనుకున్నాను. మీరు కెటిల్ మరిగేంతసేపు అనుకున్నారు. నేను నలభై ఏళ్ళు అనుకున్నాను."

చెప్పింది. కుళాయి సంగతి, రేడియో సంగతి, రెండు సీసాల సంగతి. నోలీన్ అరుపు. లతాయి పరీక్షలు. వై. రోనా రక్తానికీ ఆ సీసాకీ లేని చుట్టరికం. బల్లగుద్దినట్టు చెప్పలేదు, ఏడుస్తూనూ చెప్పలేదు. తరగతిలో పాఠం చెప్పినట్టు, ఎక్కడా మెట్టు దాటకుండా, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఫెర్గస్ చేతిలోని రోల్ సగం కొరికింది సగంలోనే ఉంది. కిటికీ దగ్గర కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. వాళ్ళ చదువులు, పట్టాలు, రేపటి వ్యాసాలు, అన్నిటి మొదటి వాక్యం ‘ఎలెన్ కణాలు’ అనే మొదలవుతుంది.

"కాబట్టి మనం ఇన్నాళ్ళూ ఎలెన్ అంటున్నది ఆలన్ అనే ఒకాయన. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయన పేరు ఎక్కడా రాయలేదు. మందు ఆయన కణాలకి కుదిరేలా చేశాం. అందుకే మొదటి జట్టులో ఎవరికీ పనిచెయ్యలేదు. అందరికీ చెప్పాలి. సిడ్నీకి, టోక్యోకి, ఆసుపత్రికి. ముందు మీకు చెప్పాను."

సూప్ పొంగి పొయ్యి మీద పడి చుర్రుమంది. ఎవరూ కదల్లేదు. రోనాయే చెయ్యి చాచి పొయ్యి ఆర్పింది.

"మరి మా అమ్మ?" అంది, గిన్నె కేసి చూస్తూ.

"రోనా..."

"మా అమ్మవి. ఆ రెండో సీసా."

"బతకలేదమ్మా. మొదటి వారంలోనే. పారెయ్యమన్నాను."

రోనా తల ఊపింది. గరిటె గిన్నె అంచుకి తట్టి, చుక్కలు రాల్చి, పక్కన పెట్టింది. టోపీ సర్దుకుంది. గోడ దగ్గరికి వెళ్ళి ఫొటోని మేకు మీంచి తీసి, అద్దం ఏప్రన్‌తో తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చుంటే లేవలేనన్న మనిషి. ఆ ఫొటోకే ఏదో గొణిగింది. చిన్న మాట. గదిలో చాలామందికి ఏదో ఒకటి వినిపించే ఉంటుంది, ఎవరికి కావలసింది వాళ్ళకి.

ఐల్సా కుర్చీ లాక్కుని, ఆమె మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. నలభై ఏళ్ళు ఆలస్యంగా ఆ రెండు మాటలూ నోట్లోంచి వచ్చాయి.

"మళ్ళీ చెప్పు. సరిగ్గా వినిపించలేదు."

రోనా తలెత్తింది. ఈసారి ఒక్కో మాటా విడదీసి, యాస తెలియని పరాయివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

"రేపు పొద్దున్న నేను రావాలా, వద్దా అన్నాను."